ఆ ఫొటోలో బొట్టు నల్లగా ఎందుకుంది

(పాలకొల్లులో ఫొటోగ్రఫీ మీద ఇష్టమున్నవాళ్ళు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి.

గోడకి తగిలించిన ఈ ఫొటోని ఒకసారి దగ్గరికొచ్చి చూడండి. హాఫ్ ప్లేటు సైజు, అంటే 4¾ అంగుళాల వెడల్పు, 6½ అంగుళాల పొడవు. ఒకావిడ కుర్చీ చేతి మీద మోచెయ్యి ఆన్చి, గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టుకుని కూర్చుంది. నుదుట నల్లటి బొట్టు, బుట్టచేతుల జాకెట్టు, పక్కపాపిడి, చెవుల దగ్గర సున్నాలు చుట్టిన ముంగురులు. వెనకాల తెరమీద గీసిన మేడమెట్లు, పైన చందమామ. అటు కోనసీమలో గానీ, ఇటు నరసాపురం, భీమవరం వైపు గానీ పాత పెంకుటింటి సావిట్లోకి వెళితే దూలం కింద ఇలాంటిది ఒకటి వేలాడుతూనే ఉంటుంది. 1950 నుంచి 65 దాకా తీసినవి. ఈవిడ సినిమా తార కాదు. సావిత్రిలా, అంజలీదేవిలా ఒక్కసారి కనబడాలనుకుని స్టూడియో మెట్లెక్కిన ఇల్లాలు. ఆ ఒక్కసారి కోసం స్టూడియోలో ఎంత పని జరిగిందో ఇవాళ విప్పి చూద్దాం. చివర్లో రెండు లైట్లు, ఒక థర్మోకోల్ అట్ట పెట్టుకుని ఇదే ఫొటో ఇక్కడే తీద్దాం.

మొదట ఒక అపోహ పక్కన పెట్టాలి. ఫోన్లో ‘రెట్రో’ అని నొక్కితే గోధుమరంగు పులిమి, మూలల్లో చీకటి పెట్టి, నాలుగు గీతలు గీసి ఇస్తుంది. అది పాతబడిన ఫొటోకి నకలు, ఆనాటి ఫొటోకి కాదు. స్టూడియోలోంచి కవరులో పెట్టి ఇచ్చిన రోజున ఆ ఫొటో మీద ఒక్క మరక లేదు. నలుపు కాటుకంత చిక్కగా, తెలుపు మల్లెమొగ్గంత శుభ్రంగా ఉండేది. మనకి కావలసింది ఆ మొదటి రోజు ఫొటో.

దానికి దారి ఒకటే. ఆ ఫొటోలో సోకు కోసం చేసినట్టు కనబడే ప్రతి పనీ అసలు ఏ ఇబ్బంది తప్పించడానికి చేశారో తెలుసుకోవాలి. గడ్డం కింద వేళ్ళే తీసుకోండి. అప్పటి పోర్ట్రెయిటు ప్లేట్లు, అంటే ఫిల్ముకి బదులు వాడిన మందు పూసిన గాజుపలకలు, వెలుగుని పట్టుకునే వేగం ఇవాళ్టి లెక్కలో 25 నుంచి 100 ఐఎస్‌ఓ మధ్య, బాగా నిదానంగా ఉండేది. లెన్సు మూత తీసి, మనసులో లెక్కపెట్టి, మళ్ళీ మూత పెట్టే పద్ధతి. అర సెకను, ఒక్కోసారి సెకను దాటేది. అంతసేపు తల కదలకూడదు. అందుకని మోచేతికి కుర్చీ చెయ్యి, గడ్డానికి వేళ్ళు, నిలబడితే పక్కన స్తంభంలాంటి చెక్క స్టాండు. ఆన్చుకోవడానికి పెట్టినవే భంగిమ అయిపోయాయి. నవ్వు కూడా అంతే. పళ్ళు కనబడే నవ్వు సెకను పాటు నిలవదు, మధ్యలోనే వాడిపోతుంది. పెదవి చివర చిన్న వంపు నిలుస్తుంది. అందుకే ఆ ఫొటోల్లో నవ్వు మొదలవబోతున్నట్టుంటుంది. మీరు ఇవాళ 1/200 సెకనులో తీసినా సరే, కూర్చున్నవాళ్ళని ఒక సెకను ఊపిరి బిగబట్టి నిశ్చలంగా ఉండమనండి. మొహంలోకి ఆ నిదానం అప్పుడే వస్తుంది.

ఇక బొట్టు సంగతి.

వెనకటి ఆర్థోక్రొమాటిక్ ప్లేటుకి ఎరుపు కనబడదు. నీలం, ఆకుపచ్చ పట్టుకుంటుంది, ఎరుపుని చీకటి అనుకుంటుంది. డార్క్‌రూములో ఎర్రదీపం పెట్టుకుని దాన్ని కడగగలిగింది కూడా అందుకే. ఆ ప్లేటు మీద కుంకంబొట్టు తనంత తానే నల్లగా వస్తుంది, తాంబూలం వేసుకున్న పెదాలూ నల్లబడతాయి, చర్మంలో ఎర్రదనం ఉన్నచోటల్లా మచ్చ తేలుతుంది. తరవాత పాన్‌క్రొమాటిక్ ఫిల్ము వచ్చింది. అది ఎరుపుతో సహా అన్ని రంగులనీ పట్టుకుంటుంది. చర్మం సాఫీగా వచ్చింది, బాగానే ఉంది. కానీ స్టూడియోలో వెలిగే బల్బు వెలుగులోనే ఎరుపు పాలు ఎక్కువ. పాన్ ఫిల్ము, బల్బు వెలుగు కలిసేసరికి ఎర్రకుంకం తేలిపోయి చామనఛాయ నుదుటితో సమానమైన బూడిదరంగులోకి దిగిపోతుంది. ముత్తైదువ ఫొటోలో బొట్టు మాయం! ఇంతకన్నా గొడవ ఇంకేముంటుంది చెప్పండి. అందుకని కుంకం మీద నల్ల తిలకమో కాటుకో దిద్దాల్సి వచ్చేది. పెదాలకీ అదే చికిత్స: పలచని ఎరుపు కాదు, ముదురు గోధుమ కలిసిన ఎరుపు.

ఇది పాత ముచ్చట కాదండి, డిజిటల్‌లోనూ అచ్చంగా ఇలాగే జరుగుతుంది. ఫొటోని ఎప్పుడూ రంగుల్లోనే, వీలైతే రా ఫైలుగా, అంటే కెమెరా ఏమీ మార్చకుండా దాచే ఫైలుగా తీయండి. కెమెరాలో మోనో మోడ్ వద్దు, తరవాత ఎంచుకునే దారి మూసుకుపోతుంది. ఫొటోషాప్‌లో మూడు రంగుల పాళ్ళు మార్చే ఛానెల్ మిక్సర్ తెరిచి మోనోక్రోమ్ టిక్కు పెట్టండి. ఎరుపు 60, ఆకుపచ్చ 30, నీలం 10 పెడితే చర్మం నునుపుగా వెలుగుతుంది, ఎర్రబొట్టు సగం మాయమవుతుంది. ఎరుపు 5, ఆకుపచ్చ 65, నీలం 30 పెడితే ఆర్థో ప్లేటు చూపు: బొట్టు చిక్కగా నిలుస్తుంది, మగవాళ్ళ మొహాల్లో శిల్పంలాంటి కోత వస్తుంది, మొటిమలూ వాటితోపాటే వస్తాయి. మూడు అంకెలూ కలిపితే 100 దాటనివ్వకండి, దాటితే తెలుపులు చితికిపోతాయి. ఆడవాళ్ళకైతే నల్లబొట్టు దిద్ది మొదటి లెక్క వాడటం నాకు నచ్చిన పద్ధతి. మగవాళ్ళకి రెండోది.

చీరకీ పూలకీ కూడా ఇదే లెక్క. ఆకుపచ్చ చీరకి ఎర్రంచు కంటికి ఎంత కొట్టొచ్చినట్టు కనబడుతుంది! నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిదరంగు, అంచు ఎక్కడుందో వెతుక్కోవాలి. బండార్లంక చీర కట్టుకొచ్చి, పాపం, ఆ నేత అంతా ఫొటోలో కలిసిపోతే ఎలా? కట్టుకునే ముందు నాలుగైదు చీరలు మంచం మీద పరిచి ఫోనులో నలుపు తెలుపులో చూసుకోండి. రంగు కాదు, వెలుగు తేడా ఉన్న అంచు కావాలి: లేత చీరకి ముదురంచు, ముదురు చీరకి జరీ. తెల్లచీర కావాలంటే మల్లెపూవు తెలుపు కాకుండా లేత గోధుమో లేత నీలమో కట్టండి. తెల్లగానే పడుతుంది, మడతలు కూడా దక్కుతాయి. అసలు తెలుపు కడితే మడతలు కరిగిపోయి చీర స్థానంలో కాగితం ముక్క మిగులుతుంది. కనకాంబరాలు ఆర్థో లెక్కలో జడలో కలిసిపోతాయి, ఎరుపు పెంచితేనే కనబడతాయి. మల్లెలు ఎప్పుడైనా కనబడతాయి గానీ వెనక లైటు నేరుగా పడితే మండిపోతాయి. పసుపు రాసుకున్న మొహం నీలం ఛానెల్లో మసిబారినట్టు వస్తుంది, కాబట్టి ఫొటో రోజున పసుపు కడిగేసుకుని రమ్మనండి.

1957లో వచ్చిన మాయాబజార్ని 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. కొత్తతరం చూసింది, సంతోషం. కానీ మార్కస్ బార్ట్లీ కెమెరా పట్టిన ఆ సినిమాలో ఆ వెన్నెలా, ఆ నగల మెరుపూ బూడిదరంగు మెట్ల లెక్కతో పేర్చినవి. ఆయన పనితనం తెలుసుకోవాలంటే నలుపు తెలుపు ప్రతినే చూడాలి. గోదావరి ఒడ్డున తీసిన మూగమనసులు, 1964ది, అదీ నలుపు తెలుపే. నీళ్ళమీద వెలుగు ఎలా పట్టారో పాట ఆపేసి, బొమ్మ మాత్రమే చూడండి ఒకసారి.

ఇప్పుడు లైట్లు. ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఇవాళ స్టూడియోలో మూడునాలుగు అడుగుల సాఫ్ట్‌బాక్సు లేనిదే ఫొటో లేదు. ఆనాటి లైటు అది కాదు. చిన్న బల్బు, గిన్నెలాంటి రిఫ్లెక్టరు. కరకు వెలుగు. నీడ అంచు కత్తితో కోసినట్టు పడాలి. ఆ కరకుదనం వల్లే బుగ్గ ఎముక మీద, కంటిరెప్ప మీద, కింది పెదవి మధ్యలో చిన్న మెరుపు నిలబడుతుంది. ఆ మెరుపే మనం గ్లామర్ అంటున్నది. సాఫ్ట్‌బాక్సు ఆ మెరుపుని మొహమంతా పలచగా పులిమేస్తుంది.

ప్రధానమైన లైటుని కుర్చీకి నాలుగడుగుల ముందు, పక్కకి పోకుండా కెమెరా వరసలోనే, కూర్చున్నవాళ్ళ కంటి మట్టానికి మూడున్నర అడుగుల ఎత్తున పెట్టండి. నేలనుంచి సుమారు ఏడున్నర అడుగులు వస్తుంది. ముక్కు కింద సీతాకోకచిలుకలా చిన్న నీడ పడుతుంది. ఆ నీడ ముక్కుకీ పై పెదవికీ మధ్య సగం దాకా వచ్చి ఆగాలి. పెదవిని తాకిందా, ఆడవాళ్ళకి మీసం మొలుస్తుంది, లైటు కిందికి దించండి. నీడే లేదా, మొహం పళ్ళెంలా చదునవుతుంది, పైకెత్తండి. కళ్ళు లోతుగా ఉన్నవాళ్ళకి ఈ ఎత్తులో కనుగుంటలు చీకటి పడతాయి. అప్పుడు లైటు కాదు, గడ్డం అరంగుళం ఎత్తించండి. గుండ్రటి మొహానికి ఈ ఏర్పాటు నప్పదు. లైటుని ఒక పక్కకి అడుగున్నర జరిపితే ఒక బుగ్గ నీడలోకి వెళ్ళి మొహం కోలగా కనబడుతుంది.

నీడలు మరీ నల్లబడకుండా ఒళ్ళో రెండడుగులు మూడడుగుల తెల్ల థర్మోకోల్ అట్టని, కెమెరాలో కనబడకుండా, మొహం వైపు ఏటవాలుగా పట్టించండి. మొహంలో వెలుగు వైపుకీ నీడ వైపుకీ తేడా ఆడవాళ్ళకి ఒకటిన్నర స్టాపు, మగవాళ్ళకి రెండు. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు తేడా. మూడు దాటితే విలను.

రెండో లైటు జుట్టుకి. వెనకనుంచి, ఏడడుగుల ఎత్తునుంచి, కుర్చీ వెనక ఒక పక్కగా. కొబ్బరినూనె రాసి దువ్విన జుట్టు మీద అది గీతలా మెరుస్తుంది. జుట్టు నల్లగా ఉంది, వెనక తెర ముదురుగా ఉంది, ఈ లైటు లేకపోతే తల తెరలో కలిసిపోతుంది. ప్రధాన లైటులో సగం బలం చాలు. నల్ల చార్టు కాగితాన్ని గొట్టంలా చుట్టి లైటుకి తొడిగితే వెలుగు చెవి మీదికి, ముక్కుకొన మీదికి పోదు. ఎల్ఈడీకి మాత్రమే సుమండీ. వేడి బల్బుకి కాగితం తొడిగితే అంటుకుంటుంది.

ఆనాటి 500 వాట్ల ఫొటోఫ్లడ్ బల్బు ఆయుష్షు ఆరు గంటలకి అటూ ఇటూ. అంత ఖరీదైన వెలుగుని పైట సర్దుకునేసేపు వృథా చేస్తారా? రెండు బల్బుల్ని సిరీస్‌లో కలిపి మసక వెలుగులో అంతా సర్దేవాళ్ళు, తీసే క్షణంలో స్విచ్చి తిప్పి పారలల్‌లోకి మార్చేవాళ్ళు. ఒక్కసారిగా గది పగలైపోయేది. ఇవాళ 60 వాట్ల ఎల్ఈడీలు రెండు చాలు. కొనేటప్పుడు సీఆర్ఐ, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 95కి తగ్గనివి కొనండి. చౌకవాటిలో ఎరుపు లోపిస్తుంది, చామనఛాయ చర్మం బూడిద పూసినట్టు వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జులు కాబట్టి కొన్ని లైట్లు సెకనుకి 100 సార్లు కొట్టుకుంటాయి. ఫొటోలో అడ్డచారలు కనబడితే షట్టరు 1/50 గానీ 1/100 గానీ పెట్టండి.

కెమెరాని ఆరడుగులకి తక్కువ దూరంలో పెట్టకండి. దగ్గరికెళితే ముక్కు పెరుగుతుంది, చెవులు తగ్గుతాయి. అప్పటి స్టూడియోల్లో పన్నెండంగుళాలు దాటిన పొడుగు లెన్సులు వాడింది అంత దూరంనుంచే ప్లేటు నింపడానికి. మీ దగ్గర 85 మిల్లీమీటర్ల లెన్సు ఉంటే ఎఫ్ 2 దగ్గర పెట్టండి. కళ్ళు సూదిలా, చెవులు మెత్తగా, పెద్ద ప్లేటు పోలిక వస్తుంది. ఫోనైతే 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ.

కరకు వెలుగుకి ఒక మూల్యం ఉంది. చర్మం మీద ప్రతి గుంటా, ప్రతి వెంట్రుకా బయటపెడుతుంది. పైగా వేడి. వైశాఖంలో కిటికీలు మూసిన గదిలో వెయ్యి వాట్ల కింద కూర్చుంటే, మన గాలిలో ఉండే తేమకి, నుదురు నిమిషంలో చెమర్చేది. అక్కడినుంచే మేకప్పు, లెన్సుమీద వల, నెగెటివు మీద పెన్సిలు, మూడూ వచ్చాయి. ఒకటి వదిలిన లోపాన్ని రెండోది సర్దుతుంది.

పాన్‌కేకు మేకప్పు బిళ్ళని తడి స్పాంజితో పలచగా మెడ దాకా తీసుకెళ్ళాలి. దవడ దగ్గర ఆపితే ముసుగు తొడిగినట్టుంటుంది. ఆరాక పౌడరు రుద్దకండి, అద్దండి. నుదురు, ముక్కు పక్కలు, గడ్డం మీద అద్ది, బుగ్గ ఎముకా కంటిరెప్పా వదిలేయండి. అక్కడ జిడ్డు మెరవాలి కదా. మొహం మొత్తం పౌడరేస్తే ఇందాక కష్టపడి తెచ్చిన మెరుపు చచ్చిపోతుంది. కాటుక కంటి కొస దాటి పావంగుళం సాగాలి, చివర కొంచెం పైకెత్తి. కంటె, ముక్కుపుడక మరీ తళుక్కుమంటే వాటి మీద కూడా పౌడరు ఒక్కసారి అద్దండి.

వల సంగతికొస్తే, సన్నటి నల్ల నెట్ గుడ్డని లెన్సు ముందు రబ్బరు బ్యాండుతో బిగించి కట్టండి. తెల్ల నెట్ వద్దు, దాని మీద లైటు పడి ఫొటో అంతా పొగమంచు పట్టినట్టవుతుంది. కొందరు వాజలీను రాస్తారు. రాస్తే పాత యూవీ ఫిల్టరు మీద రాయండి, లెన్సు మీద ఎన్నడూ రాయొద్దు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. తీసేటప్పుడు వల కడితే తెలుపు నలుపులోకి పాకుతుంది, మెరుపుచుట్టూ వెన్నెల వలయం వస్తుంది. ప్రింటు వేసేటప్పుడు ఎన్‌లార్జరు కింద, అంటే నెగెటివుని పెద్దది చేసి కాగితం మీద పడేసే యంత్రం కింద, వల పెడితే తిరగబడుతుంది: నలుపు తెలుపులోకి పాకి, జుట్టు చుట్టూ మసి పట్టినట్టుంటుంది. పని తెలిసినవాళ్ళు కెమెరా దగ్గరే వల కట్టింది అందుకే.

డార్క్‌రూము ఇంకా నడుపుతున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇక్కడున్నారు కాబట్టి ఒక్క మాట. నెగెటివుని కడిగే డి-76 డెవలపరు మీకు తెలిసిందే: లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్సు 2. అది 20 డిగ్రీలకి కట్టిన లెక్క. మే నెలలో మన ట్యాంకు నీళ్ళు 32 దాటి ఉంటాయి. ఆ వేడిలో నెగెటివు మీద పూతగా ఉండే జెలటిన్ మెత్తబడి అంచుల్లో ఊడుతుంది, లేదా చన్నీళ్ళలో వేయగానే ముడతలు పడుతుంది. ఐసు ముక్కని డెవలపరులో వేయకండి, పలచనైపోతుంది. ట్రేని ఐసునీళ్ళ పళ్ళెంలో కూర్చోబెట్టండి. అన్ని ద్రావణాలూ, కడిగే నీళ్ళూ కూడా ఒకే వేడిలో ఉండాలి. బొమ్మని నిలిపే హైపోలో, జెలటిన్ గట్టిపడడానికి పటిక హార్డెనరు తప్పనిసరి. తెల్లవారుజామున బావినీళ్ళతో చేసుకుంటే సగం బాధ తప్పుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. రీటచింగు.

మెడెత్తు ఏటవాలు బల్ల ఊహించుకోండి. మధ్యలో నెగెటివు పట్టేంత రంధ్రం, దానికి గరుకద్దం. కింద ఒక అద్దం కిటికీ వెలుగుని పైకి కొడుతుంది. చుట్టూ నల్లగుడ్డ. పనిచేసే మనిషికి వెలుగుతున్న నెగెటివు తప్ప ఇంకేం కనబడదు. నెగెటివులో అన్నీ తారుమారు కదా: మొహం నల్లగా, మొటిమా ముడతా మాత్రం పారదర్శకంగా ఉంటాయి. ఆ పారదర్శకమైన చుక్కని సీసంతో నింపితే ప్రింటులో మచ్చ పోతుంది. కానీ జెలటిన్ మీద పెన్సిలు జారుతుంది. అందుకని డామర్ జిగురుని టర్పెంటైనులో కరిగించిన మందు ఒక చుక్క గుడ్డకి అద్ది, జెలటిన్ పూత ఉన్న ఎమల్షన్ వైపు గుండ్రంగా రాసి, ఆరనిస్తారు. ఇప్పుడు పట్టు దొరుకుతుంది.

పెన్సిలు 3హెచ్ లేదా 4హెచ్. చెక్కని అంగుళం పైనే చెక్కి, సీసాన్ని గాజుకాగితం మీద తిప్పుతూ సూదిలా చేస్తారు. పట్టుకోవడం పైనెక్కడో, వేళ్ళ బరువు పడకుండా. గీత గీయరు. కామాల్లాంటి, చిన్న సున్నాల్లాంటి కదలికలు, ఒకదానిమీద ఒకటి పడకుండా, చర్మం సహజంగా ఉండే గరుకుని అనుకరిస్తూ. గట్టిగా నొక్కితే నెగెటివు మీద మెరిసే చార పడుతుంది, ప్రింటులో అది తెల్లని గాటు. అప్పుడు మందు తుడిచేసి మొదటినుంచి చేసుకోవాలి. ప్రింటులో తెల్లగా వచ్చే మెరుపు మచ్చలకి పెన్సిలు పనికిరాదు. అవి నెగెటివులో నల్లగా ఉంటాయి, సన్నకత్తితో గీకి పలచన చేయాలి. అది చెయ్యి తిరిగినవాళ్ళ పని. ఒక్క గీకు ఎక్కువైతే ప్లేటు పోయినట్టే.

ఎక్కడ ఆపాలన్నదే విద్య. ముక్కు పక్కనుంచి నోటి కొసకి దిగే గీతని సగానికి తగ్గిస్తారు, పూర్తిగా తీసేస్తే మనిషి మారిపోతుంది. కళ్ళకింద నీడ కూడా అంతే. ఒంటి మీద ఉన్న మచ్చ పుట్టుమచ్చైతే ఉంచాలా తీయాలా అని అడిగి తెలుసుకోవాలి. ఆ పనిలో ఒకటి మాత్రం నాకు నచ్చదు, అది కూడా చెప్పాలి: పెన్సిలుతో మొహమంతా నింపి, చామనఛాయవాళ్ళని తెల్లవాళ్ళని చేసి ఇవ్వడం. చామనఛాయ మీద కరకు లైటు పడితే వచ్చే మెరుపు తెల్లచర్మం మీద రాదు. దాన్ని చెరిపేసి ఇస్తే ఆ మనిషికి అన్యాయం, ఆ కళకీ అన్యాయమే. మీరు కొత్తగా చేసేటప్పుడు అది వదిలేయండి.

కంప్యూటరులో ఇదే పని చేయాలంటే చర్మం నునుపు చేసే యాప్‌ల జోలికి పోకండి. పైన 50 శాతం బూడిదరంగు పొర వేసి, దాని బ్లెండింగ్‌ని ఓవర్‌లే చేసి, 3 శాతం ఫ్లోతో అతిచిన్న తెల్ల బ్రష్షుతో మచ్చ ఉన్నచోట అద్దుకుంటూ పోండి. ఒక మొహానికి నలభై నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి.

నలుపు తెలుపు ప్రింటు మీద చేత్తో రంగులద్దడం గురించి క్లుప్తంగా. నిగనిగలాడే కాగితం మీద రంగు నిలవదు, మెరుపు లేని మ్యాట్ బ్రోమైడు కాగితం కావాలి. నల్లటి నీడల మీద బుగ్గల గులాబి వేస్తే కమిలినట్టుంటుంది కాబట్టి ముందు నలుపుని గోధుమరంగులోకి మార్చే సెపియా టోనింగు చేసేవాళ్ళు. దాంట్లో వాడే సల్ఫైడు కోడిగుడ్డు కుళ్ళిన వాసన వేస్తుంది, ఆ ఆవిరి తగిలితే పక్కనున్న కొత్త కాగితాలూ ఫిల్ములూ పాడవుతాయి. డార్క్‌రూములో కాదు, పెరట్లో చేయాలి. దీనివల్ల ఒక మేలు జరిగింది: ఫొటోలో బొమ్మ కట్టిన వెండి సల్ఫైడుగా మారితే తేలిగ్గా చెడదు, అందుకే ఆ ప్రింట్లు చాలా ఇంకా గట్టిగా ఉన్నాయి. ప్రింటుని తడిపి, నీళ్ళు అద్ది తీసేసి, చెమ్మ ఉండగానే బాగా పలచని రంగుని దూది చుట్టిన పుల్లతో వేయాలి. ఆరిన కాగితం మీద వేస్తే అంచున గీత కడుతుంది. ఒక్కసారికే ముదురు చేయకండి, నాలుగైదు పూతలుగా పెంచండి. ఇంక్‌జెట్ ప్రింటు తడిపితే సిరా పారిపోవచ్చు. దానికి మ్యాట్ కాటన్ కాగితం మీద పిగ్మెంటు సిరాతో ప్రింటు వేయించి, పొడి పేస్టెల్ రంగు దూదితో రుద్దండి.

వెనక తెర. మన నాటకాల తెరలు గీసే పద్ధతే ఇది. ముతక నూలుగుడ్డకి ఒక వంతు సరేసు జిగురు, పదీ పన్నెండు వంతుల నీళ్ళు కలిపి కాచి, దాంట్లో సుద్ద కలిపి పూత. ఆరాక నలుపు, తెలుపు, బూడిద, ఈ మూడింటితోనే బొమ్మ. సరేసు చిక్కనైతే చుట్టినప్పుడు పెళుసుగా పగులుతుంది, పలచనైతే చేతికి పొడి అంటుతుంది. సరేసుకి మన వానాకాలంలో బూజు పడుతుంది కాబట్టి ఇప్పుడు ఆక్రిలిక్ ఎమల్షన్ వాడటమే మేలు. మడత పెట్టొద్దు, వెదురు బొంగుకి చుట్టండి. మనిషిని తెరకి ఐదారడుగుల ముందు కూర్చోబెట్టండి. దగ్గరగా ఉంటే నీడ చందమామ మీద పడుతుంది. బొమ్మ అంచులు కావాలనే మసగ్గా గీయాలి, పదునుగా గీస్తే చూపు మెట్ల మీదికి పోతుంది.

మీ ఇళ్ళలో ఉన్న పాత ఫొటోల కోసం నాలుగు మాటలు. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయినదాన్ని లాగకండి, మొహం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా పెట్టి స్కాన్ చేయండి, 600 డీపీఐలో, రంగుల్లో, టిఫ్ ఫైలుగా. నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల్లోనే చేస్తే మరకలు ఒక ఛానెల్లో ఉంటాయి, శుభ్రమైన ఛానెల్ని ఏరుకోవచ్చు. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే జెలటిన్ మీద బూజు మొలుస్తుంది, మన దగ్గర తొలకరి నుంచి కార్తీకం దాకా అంతే. బయటి గోడకి తగిలించకండి. తగిలిస్తే ఫ్రేము వెనక రెండు మూలల్లో సీసా బిరడాలు అతికించండి, గాలి ఆడుతుంది. డబ్బాలో పెడితే సిలికాజెల్ వేసి, రంగు మారగానే తీసి 110, 120 డిగ్రీల వేడిలో ఆరబెట్టి మళ్ళీ వేయండి. వేపాకు ఫొటోకి తగిలేలా పెట్టొద్దు, దాని చెమ్మా మరకా రెండూ అంటుతాయి. గాజు నెగెటివులుంటే ఒకదానిమీద ఒకటి పేర్చకండి, పొడుగంచు మీద నిలబెట్టండి. ఫిల్ము నెగెటివుల డబ్బా తెరవగానే పులిసిన వెనిగర్ వాసనొస్తే వాటిని వెంటనే వేరుచేసి, ముందు వాటినే స్కాన్ చేయండి.

సరే, వెలుగు తగ్గేలోగా తీద్దాం. బాబూ, ఆ కిటికీ తలుపులు మూయండి, ఫ్యాను ఉండనివ్వండి గానీ ముంగురులు ఎగురుతుంటే ఆపేద్దాం. అమ్మా, మీరిలా కుర్చీలో కూర్చోండి. కుంకం మీద ఈ నల్ల తిలకం దిద్దుకోండి, పక్కన అద్దం ఉంది. మోచెయ్యి ఇక్కడ, వేళ్ళు గడ్డానికి తగిలీ తగలనట్టు. థర్మోకోల్ అట్ట ఇంకొంచెం పైకి పట్టుకోండి. ముక్కు కింద నీడ అందరికీ కనబడుతోందా? పెదవికి తగులుతోంది కదా. లైటు రెండంగుళాలు దించండి.